ఎవరూ చూడనప్పటి నడక

ఇక్కడ ఎవరూ చప్పట్లు కొట్టరు, అందుకే ఇక్కడ నిలబడ్డాను. పొడుగాటి గోడౌన్ గోడ, గోడ వారగా ఆపేసిన లారీ, లారీ వెనక నేను. గోడ చివర రోడ్డు మలుపు తిరుగుతుంది, తిరిగాక ఇక నేరుగా పరుగు పోటీ గమ్యమే, అక్కడ జనం, మైకు, ఫోటోలు, అరటిపళ్ళ గెలలు. అక్కడ అందరూ చక్కగానే పరుగెత్తుతారు. అప్పటిదాకా కాలీడ్చుకుంటూ వచ్చినవాడు కూడా జనం కనబడగానే ఛాతీ విరుచుకుని, ముఖానికి నవ్వు పులుముకుని దూసుకుపోతాడు. నాకు ఆ నవ్వులతో పని లేదు. నొప్పి మలుపుకి ఇవతలే ఉంటుంది, చూసేవాళ్ళు లేరనుకున్న చోట. గమ్యం గీత దగ్గరే నిలబడతానని అక్కకి మాటిచ్చాను, బావని అక్కడ నిలబెట్టి ఇటు వచ్చేశాను. మోసమే. ఈ విద్య అక్క దగ్గరే నేర్చుకున్నాను.

పొద్దున, ఎండ ఇంకా రాకముందు, పరుగు మొదలయ్యే మైదానంలో అక్క కారు దిగి నా వైపు నడిచొచ్చింది. ఆ నడక బాగుంది. నా గుండెలో రాయి పడింది. మరీ బాగుంది. మడమ ఆనింది, పాదం ఒరిగింది, బొటనవేలు నేలని తోసింది, రెండు చేతులూ ఒక్క కొలతతో ఊగాయి, నా క్లినిక్‌లో గోడకి అంటించిన బొమ్మలో మనిషి ఎలా నడుస్తాడో అచ్చం అలా. బొమ్మలో మనిషి తప్ప లోకంలో ఎవరూ అలా నడవరు. ఒక్కరే నడిచారు, కిందటేడు, ఈ అక్కే. "ఎక్కడైనా నొప్పిగా ఉందా అక్కా?" అన్నాను. "లేదే" అంది. "నిజం చెప్పు." "నిజమేనే, నీ మీదొట్టు." కిందటేడూ నా మీదే ఒట్టేసింది. ఆ ఒట్టుకి నాకేమీ కాలేదు గానీ తన కుడికాలి ఎముక సన్నగా చిట్లింది. ఇవాళ ఆ ఎముక మీద చెయ్యేసి చూద్దామనుకునేలోగా ఈల ఊదారు, జనం కదిలారు, అక్క వెనక్కి తిరిగి చెయ్యూపి ఆ బొమ్మ నడకతోనే గుంపులో కలిసిపోయింది. పరుగెత్తొచ్చని అనుమతిచ్చింది నేనే. ఇప్పుడు కుంటుతూ వచ్చిందంటే ఏడాది పడ్డ పాటంతా బూడిదలో పోసిన పన్నీరే, పాటు పోతే పోయింది, మళ్ళీ పడతాం, కానీ అక్క నాకు రెండోసారి అబద్ధం చెప్పినట్టవుతుంది, అది నేను తట్టుకోలేను. కాలు ఎలా ఉందో కాదు, నన్ను నమ్మిందా లేదా, అది తెలుసుకోవడానికే ఈ లారీ వెనక డీజిల్ వాసన పీలుస్తూ నిలబడ్డాను.

మొదటివాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు. వాళ్ళని చూసి నేను చేసేదేమీ లేదు, చిన్నప్పటి నుంచీ పరుగెత్తుతున్న కాళ్ళు, వాటి సంగతి అవే చూసుకుంటాయి. ఇప్పుడొస్తున్నారు నా వాళ్ళు, కొత్తవాళ్ళు, ఈ మధ్యే ఒక ఆదివారం అద్దంలో పొట్ట చూసుకుని సోమవారం బూట్లు కొన్నవాళ్ళు. ఆ నీలం బనీను ఆయనకి అడుగడుక్కీ ఎడమ తుంటి కిందికి జారుతోంది, త్వరలోనే మోకాలి చిప్ప పక్కన పొడుస్తుంది, ఎవరో ఒకరు బూట్లు మార్చమంటారు, మారుస్తాడు, తుంటి బలం మాత్రం అలాగే ఉంటుంది. ఆ వెనకావిడ అడుగు మరీ బారుగా వేస్తోంది, మడమ ఎక్కడో ముందు పెట్టి తన కాలితో తనకే అడ్డం పడుతోంది. చిన్న అడుగులమ్మా, చిన్నవి, గబగబా, ఎవరూ తరమడం లేదు నిన్ను. పైకే అనేశానేమో, ఆవిడ ఇటు చూసింది, నేను లారీ చక్రం పరీక్షిస్తున్నట్టు వంగాను. నాకు ముఖాలు గుర్తుండవు, నడకలు గుర్తుంటాయి. ఒకసారి బజారులో వెనకనుంచి ఒక నడక కనబడితే "నడుం నొప్పి తగ్గిందా అండీ?" అని పలకరించాను, ఆయన తిరిగాడు, ముఖం చూస్తే ఎవరో ఏమిటో తెలియలేదు, ఆయన మాత్రం తగ్గిందన్నాడు. గొప్ప చెప్పుకుంటున్నానని అనుకుంటారేమో, అవును, చెప్పుకుంటున్నాను. ఇంత విద్య ఉంచుకుని మూతి ముడుచుకుని కూర్చోవడం నా వల్ల కాదు.

ఈ విద్య కాలేజీలో రాలేదు. కాలేజీలో ఎముకల పేర్లు వచ్చాయి. విద్య వచ్చింది అక్క మడమల నుంచి. అమ్మ పొద్దుటి షిఫ్టుకి వెళ్ళిపోయేది, నన్ను బడికి తీసుకెళ్ళే పని అక్కది, మా వీధిలో కాలిబాట ఎంత ఇరుకంటే ఇద్దరు పక్కపక్కన నడవలేరు, అక్క ముందు, తన సంచి పట్టీ పట్టుకుని నేను వెనక. ఎన్నేళ్ళు చూశానో ఆ మడమల్ని. రబ్బరు చెప్పుల్లో కుడి చెప్పు బయటి అంచు ముందు అరిగేది, కోపంగా ఉన్నరోజు మడమ టపటపమనేది, పరీక్షలో మార్కులు తక్కువొచ్చిన రోజు కాళ్ళు ఈడ్చేది, నాతో ఏమీ చెప్పకపోయేది, నేనేమీ అడక్కపోయేదాన్ని, కానీ ఇంటికెళ్ళేలోగా నాకు అంతా తెలిసిపోయేది. ఒకరోజు మాత్రం అక్క చెప్పులు చప్పుడే చెయ్యలేదు, మెత్తగా, జాగ్రత్తగా, అడుగు తీసి అడుగు వేసింది, ఆ రోజు నాన్నకి బాగాలేదని కబురొచ్చింది, బడి గేటు దగ్గర వదిలేదాకా నాకు తెలియనివ్వకూడదని అలా నడిచింది. అప్పటి నుంచి నాకు మరీ చక్కటి నడకంటే భయం. మనిషి ఏదో దాస్తున్నప్పుడే అంత బాగా నడుస్తుంది.

అందుకే నా క్లినిక్‌లో కుర్చీ కిటికీ పక్కన వేసుకున్నాను. కింద రంగుల దుకాణం, పైన నేను, ఎదురుగా బస్టాపు. వచ్చేవాళ్ళు ఈవిడెవరో పనీపాటా లేక వీధిలోకి చూస్తోందనుకుంటారు. నా పనే అది. గదిలోకి అడుగుపెట్టాక అందరూ పరీక్ష హాల్లో పిల్లల్లా అయిపోతారు, నడిచి చూపించండి అంటే వీపు నిటారుగా పెట్టి ఎదురుగోడ దాకా కవాతు చేసి వస్తారు, అందులో ఏముంది చూడటానికి. బస్సు దిగి, చిల్లర జేబులో వేసుకుంటూ, రోడ్డు దాటడానికి అటూ ఇటూ చూస్తూ నడుస్తారు చూడండి, అదీ అసలు నడక. సగం వైద్యం వాళ్ళు మెట్లెక్కేలోపే అయిపోతుంది నాకు. ఈ కిటికీ గుట్టు బయట ఎవరికీ తెలియదు, ఒక్క అక్కకి తప్ప, ఎందుకంటే ఒకరోజు సంబరంగా నేనే చెప్పాను. ఇంట్లోవాళ్ళకి వృత్తి రహస్యం చెబితే ఏమవుతుందో తర్వాత తెలిసొచ్చింది.

అక్క కారు నడపడం నేర్పుతుంది. నేర్చుకునేవాడు స్టీరింగు ముందు, అక్క పక్క సీటులో, అక్కడ కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది, అది అక్కది. ఎంతోమంది ప్రాణాలు ఆ కుడికాలి కింద ఉన్నాయి. రోజంతా ఆ కాలు గాల్లో, నొక్కడానికి సిద్ధంగా, నొక్కకుండా, పిక్క బిగబట్టి. శిష్యులు బ్రేకు మేడం అంటారు, వెనకాలే అంటారు, ఎదురుగా అనే ధైర్యం ఎవడికుంది. అంత కూర్చుని కూర్చుని ఒకరోజు భోజనాల దగ్గర "నేను పరుగెత్తుతాను" అని ప్రకటించింది. బావ కళ్ళజోళ్ళు అమ్ముతాడు, ప్రతిదాన్నీ దూరంగా పట్టుకుని చూడటం ఆయన అలవాటు, "పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్నారు పెద్దలు" అన్నాడు. "ఆ పెద్దలు ఎన్నాళ్ళు బతికారో కనుక్కో" అంది అక్క. మర్నాడే బూట్లు, టోపీ, చేతికి గడియారం, గోడకి మేకు, మెడల్ తగిలించడానికట. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని బావ ఆ మేకుకి తన గొడుగు తగిలించాడు. నేను చెప్పాను, ముందు నా దగ్గరికి రా, కాళ్ళు చూస్తాను, నెమ్మదిగా మొదలుపెడదాం, రోజు మార్చి రోజు, కాస్త పరుగు కాస్త నడక. విన్నట్టే తలూపింది. పెరటి చెట్టు మందుకి పనికిరాదు కదా. నేను చెబితే చాదస్తం, ఫోనులో కండలవాడెవడో చెబితే శాస్త్రం.

కొత్తగా పరుగెత్తేవాళ్ళు చేసే తప్పు ఒక్కటే, అందరూ అదే చేస్తారు, తెలివైనవాళ్ళు ఇంకా ఎక్కువ చేస్తారు. ఊపిరిని నమ్ముతారు. ఊపిరి త్వరగా వచ్చేస్తుంది. మొదట్లో వీధి చివరిదాకా వెళ్ళలేక రొప్పినవాళ్ళకి చూస్తుండగానే ఆయాసం తగ్గిపోతుంది, ఆహా నేను తయారయ్యానని దూరం పెంచేస్తారు. ఎముక తయారు కాలేదు నాయనా, దాన్ని అంటిపెట్టుకున్న స్నాయువులు తయారు కాలేదు, అవి మందకొడివి, వాటికి బతిమాలి, విశ్రాంతి ఇచ్చి, తిండి పెట్టి, మళ్ళీ కొంచెం పని చెప్పి, మళ్ళీ విశ్రాంతి ఇచ్చి, అలా పెంచుకోవాలి. ఊపిరి ఇంటికొచ్చిన చుట్టంలా సందడి చేస్తుంది, బరువు మోసేది ఎముకే. అక్కకి ఊపిరి మరీ త్వరగా వచ్చింది, రోజంతా అరిచే వృత్తి. ఇక ఆపేవాళ్ళు లేరు. కాలి ముందు ఎముక మొదట సాయంత్రాలే నొప్పి పెట్టేదట, తర్వాత పొద్దున్నే, తర్వాత రాత్రి పక్క మీద కూడా. నాకు చెబితే ఆపేస్తానని చెప్పలేదు. నొప్పి మాత్ర వేసుకుని, వెనక సందులోంచి వచ్చి, రంగుల దుకాణం పక్కన గోడకి ఆనుకుని కాసేపు నిలబడి, నొప్పి సద్దుమణిగాక మలుపు తిరిగి నా కిటికీ కిందుగా ఠీవిగా నడిచేదట. నేను పైనుంచి చూసి ఎంత బాగా నడుస్తోంది మా అక్క అని మురిసిపోయేదాన్ని. కొండని తవ్వేదాన్ని, నా కళ్ళ ముందు ఎలుక దర్జాగా తిరిగింది.

పట్టుకున్నది సిటీ బస్సులోంచి. నేను కిటికీ పక్కన కూర్చున్నాను, సిగ్నల్ దగ్గర ఆగింది, వంతెన మెట్ల మీద ఎవరో ఒకావిడ కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎడమకాలితోనే దిగుతోంది, కుడికాలిని తర్వాత తెచ్చుకుని ఎడమ పక్కన పెట్టుకుంటోంది, చిన్నపిల్లలు దిగినట్టు. అయ్యో పాపం, ఎముక చిట్లింది ఈవిడకి, ఎవరూ చూడటం లేదా, అనుకున్నాను. తర్వాత తెలిసింది అది అక్కేనని. సిగ్నల్ పడింది, బస్సు కదిలింది, నేను దిగలేదు. ఆ సాయంత్రం ఎక్స్‌రే ఫోటో తీయించాం, వైద్యుడు సన్నటి గీత చూపించాడు, అక్క నా వైపు చూడలేదు. నేను ఒక్క మాటా అనలేదు. అనడానికి చాలా ఉన్నాయి, ఏది ముందు అనాలో తెలియక ఊరుకున్నాను. పోటీ రోజు అక్క మంచం మీద, కాలికి ఆసుపత్రివాళ్ళు వేసిన పెద్ద బూటు, ఆ మేకుకి బావ గొడుగే.

మైకు వినబడుతోంది దూరంగా, ఏదో పేరు, చప్పట్లు. ఎండ లారీ అద్దం మీదికి వచ్చింది. ఇంకా లేదు. ఆ గులాబీ రంగు టోపీ, కాదు, ఆ నడక వేరు, మోకాళ్ళు లోపలికి. ఫోను వణికింది, బావ.

"మరదలా, ఎక్కడున్నావ్? ఇక్కడ గీత దగ్గర నేనొక్కణ్ణే నీ బదులు కూడా నిలబడ్డాను."

"ఇక్కడే బావా, దగ్గర్లోనే."

"మీ అక్క ఇంకా రాలేదు. నా పక్కనున్నాయన పెళ్ళాం వచ్చేసింది, ఆవిడ తోడికోడలు వచ్చేసింది, వాళ్ళు ఫోటోలు కూడా దిగేసి వెళ్ళిపోతున్నారు."

"నెమ్మదిగా రమ్మన్నాను బావా. పక్కవాళ్ళతో మాట్లాడగలిగినంత నెమ్మదిగా. మాట ఆగిందంటే వేగం ఎక్కువైనట్టు."

"మీ అక్క మాట ఆగేది ఎప్పుడు, ఇంటికొచ్చేది ఎప్పుడు" అన్నాడు బావ. నవ్వుతూనే అన్నాడు, ఫోను పెట్టేసే ముందు మాత్రం, "కాలు బాగానే ఉంటుందిగా?" అన్నాడు. బాగానే ఉంటుంది బావా అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

బాగానే ఉండాలి. ఎంత చేశాం. ఎముక అతికాక మొదటిరోజు నా బల్ల మీద కూర్చుని "ఇప్పుడేం చెయ్యమంటావో చెప్పు, నీ దయ" అంది, తల వంచుకునే అంది. నిలబడు అన్నాను, ఒంటికాలి మీద. కుడికాలి మీద నిలబడలేకపోయింది, బ్రేకు మేడం, ఊరందరినీ ఆపిన మనిషి, నా భుజం పట్టుకుని ఊగిపోయింది. నవ్వాను, తనూ నవ్వింది, ఏడ్చింది కూడానేమో. ఆ రోజు నుంచి వంటింటి గుమ్మం మెట్టు మీద మునివేళ్ళ మీద లేచి దిగడం, ముందు రెండు కాళ్ళతో, తర్వాత ఒక్కో కాలితో, ఫోనులో శిష్యుణ్ణి తిడుతూ, గేరు మార్చేటప్పుడు కిందికి చూడకు, రోడ్డు చూడు అని, లేస్తూ, దిగుతూ. పళ్ళు తోముకుంటూ ఒంటికాలి మీద. పెట్రోలు బంకులో వరసలో ఒంటికాలి మీద. "మా ఇంట్లో కొంగ ఒకటి వెలిసింది, పొద్దున్నే కొంగజపం" అని బావ చుట్టాలందరికీ చెప్పాడు. తుంటికి రబ్బరు పట్టీ కట్టి పీతలా పక్కకి నడిపించాను, ఆ పట్టీ తెగి బావ కాఫీ గ్లాసుకి తగిలింది, ఆయన ఇప్పటికీ ఆ కథ వదలడు. కారులో ఆ కుడికాలి సంగతి చూశాను, నేరుగా ఉన్న ఖాళీ రోడ్డు మీద పాదం కిందపెట్టి పిక్క వదులు చెయ్యాలి అన్నాను, "వాడు గుద్దేస్తే?" అంది, గుద్దడులే అక్కా, అందరూ గుద్దరు. అది నేర్చుకోవడమే అన్నిటికంటే కష్టమైంది తనకి.

తర్వాత నడక, తర్వాత నడకలో చిటికెడు పరుగు. వీధిలో అక్కని దాటి ముసలాయన ఒకాయన కుక్కతో వెళ్ళిపోయాడు, అక్క పళ్ళు కొరుక్కుంది, నేను మోచెయ్యి పట్టుకుని ఆపాను. చిన్న అడుగులు, మెత్తటి అడుగులు, పాదం చప్పుడు నాకు వినబడకూడదు. నిద్ర చాలకపోతే ఆ రోజు పరుగు లేదు. అన్నం తగ్గిస్తే ఆ రోజు పరుగు లేదు. దూరం పెంచిన వారం తర్వాత మళ్ళీ తగ్గించాలి. ఇవేవీ చూడటానికి బాగుండవు. ఎవడూ ఫోటో తియ్యడు. ఎముక అతికించినవాళ్ళు ఫోటో చూపించి ఇదిగో ఇక్కడ విరిగింది ఇదిగో ఇలా అతికింది అంటారు. నేనేం చూపించను? విరగని ఎముకని? రాని నొప్పిని? నా దగ్గరికొచ్చిన ఎంతోమంది ఈ ఊరి రోడ్ల మీద హాయిగా పరుగెత్తుతున్నారు, తమకి ఏం కాలేదో వాళ్ళకే తెలియదు, పండక్కి పలకరించరు, ధన్యవాదాలు చెప్పరు, జరగనిదానికి ఎవరు ధన్యవాదాలు చెబుతారు. నాకు మాత్రం తెలుసు. కిటికీలోంచి వాళ్ళు వెళ్తుంటే నేను మీసం లేని లోటు తప్ప ఏ లోటూ లేకుండా గర్వపడతాను.

ఆ ఆకుపచ్చ బనీను అమ్మాయి. అమ్మాయే, ఇరవై దాటి ఉండవు, మలుపుకి చాలా ఇవతల, ఒక కాలు నేలమీద పెట్టీ పెట్టకుండా తీసేస్తోంది, ముఖం అంతా చెమటా ఏడుపూ కలిసిపోయి, రెండడుగులు పరుగు, ఒక గెంతు, మళ్ళీ రెండడుగులు. అది ఎముకే. నాకు ఇక్కడికే తెలుస్తోంది. ఆగమ్మా, ఆగిపో. లారీ వెనకనుంచి కదిలాను, అరవబోయాను, అప్పుడు కనబడింది అమ్మాయి వెనక అక్క.

కనబడింది, మళ్ళీ లారీ వెనక్కి నక్కాను. సిగ్గులేదు నాకు. అక్క పరుగెత్తుతోంది. కుడి, ఎడమ, కుడి, ఎడమ. పొద్దుటి బొమ్మ నడక ఎక్కడా లేదు. ఎడమ భుజం ఎప్పట్లాగే కాస్త కిందికి వాలి, కుడిచెయ్యి ఏదో వాదిస్తున్నట్టు ఊగుతూ, నోరు తెరుచుకుని, జుట్టు చెదిరి, గ్రంథంలో పెట్టడానికి పనికిరాని పరుగు, కాలిబాట మీద నా ముందు నడిచిన అక్క పరుగు. కుడి పాదం ఆనుతోంది, పూర్తిగా, భయం లేకుండా, చప్పుడు లేకుండా. నొప్పి లేదు. అక్కకి నొప్పి లేదు. నిజమే చెప్పింది. లారీ ఇనుము వేడిగా ఉందని అప్పుడు తెలిసింది, అప్పటిదాకా దాన్నే గట్టిగా పట్టుకుని ఉన్నాను.

నా లారీకి కొద్ది అడుగుల దూరంలో అక్క ఆ అమ్మాయిని దాటింది. దాటి, నాలుగడుగులు వేసి, నడకలోకి దిగి, వెనక్కి తిరిగింది.

"ఏయ్ అమ్మాయ్, ఆగు. ఆగమంటున్నానా." పక్క సీటులోంచి అరిచే గొంతు. అమ్మాయి ఠక్కున ఆగిపోయింది, ఆ గొంతుకి లారీ అయినా ఆగుతుంది. "కూర్చో ఇక్కడ. ఎక్కడ నొప్పి?"

"కాలంతా ఆంటీ."

"కాలంతా అంటే కుదరదు. ఒక్క వేలు పెట్టి చూపించు. ఒక్క వేలే."

అమ్మాయి కాలిబాట అంచున కూర్చుని కాలి ముందు ఎముక మీద వేలు పెట్టింది, పెట్టగానే ముఖం ముడుచుకుంది.

"అయితే అయిపోయింది. ఇక పరుగు లేదు. అరచెయ్యంతా రాసి ఇక్కడంతా అంటే నెమ్మదిగా నడిచి చూడమనేదాన్ని. ఒక్క వేలికి దొరికిన నొప్పి ఎముకది. నేను చెప్పడం కాదు, మా చెల్లెలు చెప్పింది."

"ఇంకొంచెమే కదా ఆంటీ. మా వాళ్ళంతా అక్కడ..."

"నేనూ ఇదే అన్నాను కిందటేడు. ఇంకొంచెం ఇంకొంచెం అని విరగ్గొట్టుకున్నాను. మంచం మీద నుంచి టీవీలో చూశాను ఈ పోటీ. మీ వాళ్ళు ఎక్కడికీ పోరు, ఎముక పోతుంది. ఏడిస్తే ఏడువు, లేవకు మాత్రం."

"మీ చెల్లెలు డాక్టరా?"

"డాక్టరు విరిగాక చూస్తాడమ్మా, అది విరక్కముందే చూస్తుంది. నడక చూసి జాతకం చెప్పేస్తుంది. అలాంటిదాన్ని నేను మోసం చేశాను, తెలుసా? కిటికీలోంచి చూస్తుందని తెలిసి నొప్పి దాచి చక్కగా నడిచాను. బయటపడ్డాక ఒక్క మాటనలేదు నన్ను. తిట్టినా బాగుండేది. ఇవాళ పొద్దున నొప్పీ లేదు, ఏమీ లేదు, అది నన్నే చూస్తోందనేసరికి చేతులూ కాళ్ళూ బిగుసుకుపోయాయి. దానికి నచ్చాలని నడిచాను. ఏమనుకుందో ఏమో." అక్క వంగి అమ్మాయి బూటు తాడు వదులు చేసింది. "ఈ కాలు నేలకి ఆనించకు, ఎవరు చెప్పినా సరే. నేనెళ్ళి మనుషుల్ని పంపిస్తాను. మా చెల్లెలు గీత దగ్గరే ఉంది, నన్ను చూసుకోగానే నిన్ను చూస్తుంది, అది చూసిందంటే ఇక నీకు భయం లేదు."

లేచింది, మోకాలు దులుపుకుంది. మొదట నడిచింది, కొంచెం, ఒళ్ళు మళ్ళీ వేడెక్కేదాకా, నేను చెప్పినట్టే, ఎవరూ చూడకపోయినా నేను చెప్పినట్టే, తర్వాత చిన్న అడుగులు, మెత్తటి అడుగులు, గోడ చివరిదాకా వెళ్ళి మలుపు తిరిగింది. నేను చూస్తూనే ఉన్నాను, ఆ మడమల్ని, రెండూ ఒక్కలాగే పైకి లేస్తున్నాయి, ఇంత అందమైన మడమలు లోకంలో ఇంకెవరికీ లేవు, వాటిని అలా నిలబెట్టింది నేను, మేమిద్దరం. కళ్ళు మసకబారాయి. తుడుచుకున్నాను, మళ్ళీ మసకబారాయి, సరే పొమ్మన్నాను. అక్కడ చప్పట్లు మొదలయ్యాయి, ఈల ఒకటి, ఆ ఈల బావదే, కాలేజీ రోజుల నుంచీ ఆయనకి వచ్చిన విద్య అదొక్కటే.

లారీ వెనకనుంచి వచ్చి అమ్మాయి పక్కన కాలిబాట మీద చతికిలబడ్డాను. బూటు విప్పాను, మడమ నా ఒళ్ళో పెట్టుకున్నాను, చల్లటి నీళ్ళ సీసా ఎముక పక్కన ఆనించాను. చిట్లలేదేమో, చిట్లబోతూ ఉంది, ఇవాళ ఆగింది కాబట్టి బాగుపడుతుంది. అలా చెప్పాను. అమ్మాయి ముక్కు చీదుకుని నా వైపు అనుమానంగా చూసింది, ఎక్కడినుంచో ఊడిపడి కాలు పట్టుకున్న మనిషిని ఎవరైనా అలాగే చూస్తారు.

"మీరెవరండీ?"

క్లినిక్ పేరు చెప్పబోయాను, చదువు చెప్పబోయాను.

"ఇప్పుడు వెళ్ళిందే, ఆవిడ చెల్లెల్ని."